ఆత్మకథల బీరువా, అబద్ధాల రిజిస్టరు

నా ఉద్యోగానికి తెలుగులో గ్రంథాలయ పాలకుడు అని పేరు. ఆ పాలకుడు అన్న మాట చూసే మా ఆవిడ పెళ్లికి ఒప్పుకుందని నా అనుమానం. ఇబ్రహీంపట్నంలో నేను పాలించిన రాజ్యం రెండు గదులు, నాలుగు ఫ్యాన్లు (మూడు తిరిగేవి, ఒకటి తిరగబడేది), తొమ్మిది బీరువాలు. "నిశ్శబ్దము పాటించవలెను" అన్న బోర్డు కింద కూర్చుని ఇరవై ఆరేళ్లు ఆపకుండా మాట్లాడి రిటైరయ్యాను.

ఈ మధ్య ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఎవరన్న వచ్చి చదువుతుంటే విడువబుద్ధి కాని ఆత్మకథ ఒకటి ఇయ్యుమంటే ఏమియ్యాలె?" అని అడిగింది. ఫోన్ చేసింది ఆమె కాబట్టి నలభై నిమిషాలు చెప్పాను. అయినా సంగతి ఒడవలేదు. ఒడవనిది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను, రాయడానికి అవి రావాలి కదా. పుస్తకాల పేర్లు కూడా చెప్పను. చెబితే మీరు వచ్చిన ప్రతివాళ్లకూ ఆ నాలుగే అంటగడతారు. ఏ పుస్తకం ఎవరికి పడుతుందో కనిపెట్టడమే ఈ ఉద్యోగం. మిగతాది దుమ్ము దులపడం. అది మా స్వీపర్ యాదమ్మ నాకన్నా బాగా చేసేది.

కిటికీ పక్క బీరువా

మా తొమ్మిది బీరువాల్లో కిటికీ పక్కనున్నది జీవిత చరిత్రలది, ఆత్మకథలది. అన్నిటికన్నా మంచి గాలి దానికే వచ్చేది, పాఠకులే వచ్చేవారు కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ దాని జోలికి పోలేదు. నిజం చెప్పాలంటే ఏ పుస్తకం జోలికీ పోలేదు. మిఠాయి దుకాణం వాడికి తీపి ఎక్కనట్టు అని చెప్పుకునేవాణ్ని, తినకముందే. ఒక వానాకాలం మధ్యాహ్నం ఎవరూ రాలేదు, కరెంటు పోయింది. వెలుతురు కోసం కిటికీ దగ్గరికి జరిగితే చేతికందింది ఒక మంత్రసాని ఆత్మకథ. ఊళ్లో సగం మందిని భూమ్మీదికి దింపిన ఆ మనిషి, ఏ పెద్దమనిషి పుట్టినప్పుడు ఎంతసేపు ఏడ్చాడో, ఎవరు అసలు ఏడవక అందరినీ ఏడిపించారో వరసగా రాసుకుపోయింది. ఊరి సర్పంచును ఆమె చివరిదాకా "కాళ్లు ముందొచ్చినోడు" అనే అంటుంది. నేను తలెత్తి చూసేసరికి లైబ్రరీ మూసే టైము దాటి గంటైంది. యాదమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"సారూ, తాళమేస్తవా, నిన్ను లోపట పెట్టి నేనే ఎయ్యాల్నా?"

నేను పాఠకుణ్నయింది ఆ రోజే. ఆ బీరువా లేకపోతే నేను గ్రంథాలయంలో పనిచేసిన గుమస్తానే.

అందుకే రిటైర్మెంటుకు ఏడాది ముందు, దీపావళి దాటిన వారంలో, జిల్లా ఆఫీసు నుంచి మా పెద్దసారు వచ్చి ఆ బీరువా మీద వేలుపెట్టి గీస్తే నా గుండె మీద గీసినట్టయింది. వేలికి దుమ్ము అంటింది.

"దీన్ని ఎవరు చదువుతున్నరయ్యా?"

"చదువుతారు సార్... అప్పుడప్పుడు..."

"ఎప్పుడు?"

శేరిగూడ కాలేజీల్లో ఇంజినీరింగ్ ముగించి, సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలు మా దగ్గర కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చుంటున్నారు. ఆ బీరువా తీసేస్తే అక్కడ ఒక టేబులు, ఆరు కుర్చీలు పడతాయి. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నా బాధల్లో అదొకటి.

"మార్చి నెలల మళ్లొస్త. అప్పటికి ఈ పుస్తకాలు కదలకుంటే బీరువాతో సహా గోడౌన్‌కు పంపిస్త. బండి గూడ నేనే పంపుత, నీకు తిప్పలుండది" అన్నారు.

గోడౌన్‌కు వెళ్లిన పుస్తకం తిరిగి రావడం నేను చూడలేదు. అక్కడా పాఠకులు ఉంటారు, కాదనను. అట్ట నుంచి అట్ట దాకా ఒక్క అక్షరం వదలకుండా చదువుతాయి. కానీ చెదలకు సభ్యత్వం ఇచ్చే పద్ధతి మా శాఖలో లేదు.

నా తప్పులు, పెద్దవి మాత్రమే

మొదటి తప్పు: మహానుభావులను ముందు పెట్టడం. పేపర్ చదవడానికి వచ్చిన ప్రతివాళ్ల చేతిలో లావుపాటి జీవిత చరిత్ర ఒకటి పెట్టి "చదివితే బాగుపడతారు" అనేవాణ్ని. బాగుపడాలని లైబ్రరీకి వచ్చినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. ఫ్యాన్ కోసం వస్తారు. పుస్తకాలు వారానికల్లా తిరిగొచ్చేవి. ఎంతవరకు చదివారో తెలుసుకోవడం సులువు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన దగ్గర్నుంచి జీరో టికెట్టే మా పుస్తకాల్లో గుర్తు. అన్నిట్లోనూ ఆ టికెట్టు పద్నాలుగో పేజీలోనే ఉండేది. పద్నాలుగో పేజీకి మహానుభావుడు ఇంకా పుట్టడు. తాతగారి వంశం నడుస్తూ ఉంటుంది.

రెండో తప్పు: అబద్ధమాడటం. పరీక్షలకు చదివే స్వప్న అనే అమ్మాయికి ఒక పహిల్వాన్ ఆత్మకథ ఇచ్చాను.

"సార్, గిది సిలబస్‌ల ఉన్నదా?"

"ఉంది."

"బిట్లు వస్తయా?"

"వస్తాయి."

పాపం, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ పుస్తకమంతా చదివింది. కుస్తీలో ఎవరినీ ఓడించలేక, చివరికి కుస్తీ పోటీలకు చాటింపు వేసే పనిలో పేరు తెచ్చుకున్న మనిషి కథ అది. దాంట్లోంచి ప్రశ్న ఇచ్చే పరీక్ష ఈ దేశంలో లేదు. సంగతి తెలిశాక ఆమె నాతో పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు వచ్చి, నా మొహం చూడకుండా, "గసొంటిది ఇంకోటున్నదా?" అంది.

నర్సింహ లొల్లి

పెళ్లిళ్లకు వంట చేసే నర్సింహకు, వంటవాడు కదా అని, ఒక రాజుగారి వంటశాలలో పనిచేసినాయన ఆత్మకథ ఇచ్చాను. నాలుగో రోజు పుస్తకం గాల్లో ఊపుకుంటూ వచ్చాడు.

"ఏంది సారూ గిది? గీయన బగారన్నంల బియ్యం ముందుగాల ఏసి, నీళ్లు పోసి, ఆఖరుకు మసాల చల్లిండంట! నూనెల ఏంపకుంటనే! నేను గట్ల వండితే పెండ్లి పిల్లనే పీటల మీదకెల్లి లేసిపోతది!"

"ఆయన రాజుగారి వంటవాడు నర్సింహా."

"అయితే గా రాజు ఎందుకు సచ్చిండో నాకు ఎర్కైంది."

లైబ్రరీ మొత్తం పుస్తకాలు మూసి నర్సింహను వినడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. మూలనున్న పాత అటెండెన్స్ రిజిస్టరు తీసి, పెన్ను ఇచ్చి, "ఎక్కడెక్కడ అబద్ధం రాశాడో పేజీ నంబరు వేసి రాయి" అన్నాను. నర్సింహ కూర్చుని పేజీన్నర రాశాడు. రాసి, మళ్లీ అదే పుస్తకం ఇంటికి తీసుకెళ్లాడు, ఇంకా ఏమైనా దొరుకుతాయేమోనని.

ఆ రోజు నుంచి మా లైబ్రరీలో అది ఆచారమైంది. ఆత్మకథ తిరిగి ఇచ్చేవాళ్లు అందులో ఒక్క అబద్ధమైనా పట్టుకుని రిజిస్టరులో రాయాలి. అబద్ధం దొరకాలంటే పద్నాలుగో పేజీ దాటక తప్పదు. దాటాక ఆగడం కష్టం. ఇంకొకరి బతుకును మెచ్చుకోవడానికి చదవమంటే జనానికి నిద్రొస్తుంది. దానితో కొట్లాడటానికి చదవమంటే అన్నం కూడా మర్చిపోతారు. కొట్లాట అయ్యేసరికి ఆ మనిషి మనకు చుట్టమైపోయి ఉంటాడు.

మన్నెగూడలో ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న గోదావరి జిల్లా ఆవిడ, సీతామహాలక్ష్మి గారు, అప్పుడే వచ్చారు.

"మా వారు రిటైరయ్యారండి. పొద్దున్నుంచీ టీవీ ముందు నుంచి లేవట్లేదు. ఆయనకేదైనా మంచి జీవిత చరిత్ర ఉంటే ఇప్పించండి, కాస్త కదులుతారు."

ఒక సంగీత విద్వాంసుడి భార్య రాసిన పుస్తకం ఇచ్చాను. లోకమంతా ఆయన రాగాలకు తల ఊపుతుంటే, ఆయన మాత్రం యాభై ఏళ్లలో తన తువ్వాలు ఎక్కడుందో తను ఒక్కసారీ కనుక్కోలేకపోవడం గురించి ఆ పుస్తకం. ఆవిడ దాన్ని ముందు తను చదివి, తర్వాత టీవీ ఆపి ఆయనకు పైకి చదివి వినిపించారట. ఆయన నిజంగానే కదిలారు. రిజిస్టరులో ఆవిడ రాసింది: "పేజీ 112. ఆయన ఒకసారి తనంతట తనే కాఫీ కలుపుకున్నారని రాసింది. నేను నమ్మను."

శాలువాల లెక్క

కొత్తవాళ్లు అడిగేది ఇదే కాబట్టి తేల్చి చెబుతాను. ఏ ఆత్మకథైనా చేతికి రాగానే మధ్యలో ఫొటోలు చూడండి. శాలువాలు ఎన్నున్నాయో చూడండి. ఒకటీ రెండూ అయితే ఫర్వాలేదు, మనిషికి చలి వేయొచ్చు. మూడు దాటితే ఆ పుస్తకం పై అరలో పెట్టండి. తర్వాత ఎక్కడో మధ్యలో తెరవండి. ఆ పేజీలో ఎవరైనా తింటుంటే, తిడుతుంటే, బస్సు తప్పిపోయి ఉంటే కళ్లు మూసుకుని ఇచ్చేయండి. ఎవరైనా ప్రారంభోత్సవం చేస్తుంటే మూసేయండి.

పేరున్నవాళ్ల కన్నా పేరున్నవాళ్ల పక్కనున్నవాళ్లు బాగా రాస్తారు. డ్రైవర్లు, వంటవాళ్లు, పెళ్లాలు. ఒక సర్కస్‌లో ఏనుగును సాకిన మనిషి పుస్తకం మా దగ్గర ఉండేది. ఏనుగు తప్పిపోతే ముందు పోలీసులు తనను ఎందుకు పట్టుకున్నారో చెప్పే అధ్యాయం చదివి స్వప్న గ్యాంగు నవ్విన నవ్వుకు బయట ఆగిన ఆటోవాలాలు లోపలికి తొంగి చూశారు. తను దేంట్లో చేతకానివాడో చెప్పుకున్న మనిషిని జనం నమ్ముతారు. తన గొప్పే చెప్పుకున్నవాణ్ని రిజిస్టరుకు అప్పగిస్తారు.

పెద్దసారు పుస్తకం

ఫిబ్రవరిలో జిల్లా ఆఫీసు నుంచి ఒక కట్ట వచ్చింది. విప్పితే మా పెద్దసారు ఆత్మకథ, పది కాపీలు. ఆత్మకథ అంటే ఆట అయ్యాక రాసేది, మా సారు ఇంటర్వెల్‌లోనే రాసేశారు. శాలువాలు లెక్కపెట్టాను. పద్దెనిమిది. లెక్క ఆపేశాను.

నా సూత్రం ప్రకారం పై అరలో పెట్టాలి. కానీ మార్చి దగ్గర పడింది. సారు వచ్చేసరికి తన పుస్తకం బీరువాలో కనబడకుండా, జనం చేతుల్లో ఉంటే బీరువా బతుకుతుందని లెక్క వేశాను. ముఖస్తుతి అనండి, ముందుచూపు అనండి. పది కాపీలూ పదిమందికి అంటగట్టాను. చివరిది ఖాజా మియాకు.

ఖాజా మియా ట్రాక్టర్ నడిపి నడిపి మోకాళ్లు అరిగిపోయాక రోజూ మా దగ్గరికి పేపర్ చదవడానికి వచ్చే మనిషి. ఐదో తరగతి దాకా చదివాడు, ఒక్కో మాట మీద వేలు పెట్టి కదిలిస్తాడు. పేపర్లో మొదటి పేజీ అయ్యేసరికి మసీదులో మధ్యాహ్నం నమాజు బాంగు వినిపించేది. ఈ లెక్కన పుస్తకం పూర్తయ్యేసరికి పెద్దసారు కూడా రిటైరవుతారని నా ధైర్యం.

"జర మెల్లగ చదువు ఖాజాభాయ్, తొందరేం లేదు" అన్నాను.

"ఫికర్ చెయ్యకు సార్. నాకు వేరే పనేమున్నది?"

వేరే పనేమీ లేకపోవడం వల్ల ఇరవై రోజుల్లో పూర్తి చేశాడు. సారు వచ్చే ముందు రోజు సాయంత్రం తెచ్చి, రిజిస్టరులో ఏదో రాసి వెళ్లాడు. మర్నాడు పొద్దున ఊడుస్తూ యాదమ్మే ముందు చూసింది.

"సారూ, ఖాజాభాయ్ ఏం రాసిండో సూసినవా?"

చూశాను. ఒక్కో అక్షరం గోడకు సున్నం వేసినట్టు ఒత్తి రాశాడు:

"పేజీ 61. మస్తు వానల మన్నెగూడ కాడికెల్లి ఇబ్రహీంపట్నం దాంక పుస్తకాల మూట నెత్తిన పెట్టుకొని మోకాళ్ల మట్టం నీళ్లల్ల నడిసొచ్చిన అని సారు రాసిండు. నడవలే. నా ట్రాక్టర్ల వచ్చిండు. మూట మా తమ్ముని ఒళ్లె ఉండె. సారు నెత్తిన గొడుగు ఉండె. గొడుగు మాది. తక్కింది మంచిగున్నది. ఖాజా మియా."

అట్ట వెనక సారు కుర్రతనపు ఫొటో ఉంది. అది చూసి గుర్తుపట్టాడన్నమాట. ఆ అరవై ఒకటో పేజీ సారు పుస్తకానికి గుండెకాయ. ఆఫీసు మీటింగుల్లో ఆయన ఆ వాన కురిపించని సందర్భం లేదు.

నా చెయ్యి దానంతటదే ఆ కాగితం మూల పట్టుకుంది. బయట జీపు ఆగిన చప్పుడు.

"సింపుతవా?" అంది యాదమ్మ.

"బీరువా పోతుంది యాదమ్మా."

"సింపు. ఆఖరుకు నువ్వు గూడ పుస్తకం రాస్తవ్ గద, దాంట్ల గిది గూడ రాయాలె మరి."

కాగితం వదిలేశాను. ధైర్యం వచ్చి కాదు. వెనక వైపు సీతామహాలక్ష్మి గారి కాఫీ ఉంది. అది చింపితే ఆవిడకు జవాబు చెప్పుకోవడం పెద్దసారుకు చెప్పుకోవడం కన్నా కష్టం.

బోర్డు పనిచేసిన రోజు

సారు నేరుగా బీరువా దగ్గరికి వెళ్లారు. సగం ఖాళీగా ఉంది. వేలితో గీశారు, దుమ్ము అంటలేదు. మొహం కొంచెం విప్పారింది. తన పుస్తకం ఎక్కడా కనబడకపోవడంతో ఇంకొంచెం (ఖాజా మియా తెచ్చిన కాపీ నా సొరుగులో ఉంది).

"అందరు చదువుతున్నరా?"

"చదువుతున్నారు సార్."

"ఏమంటున్నరు?"

నేను నోరు తెరిచేలోపే ఆయన కన్ను టేబులు మీది రిజిస్టరు మీద పడింది. కుర్చీ లాక్కుని చదవడం మొదలుపెట్టారు. నర్సింహ బగారన్నం దగ్గర నవ్వారు. స్వప్న రాసినది పైకి చదివారు: "పేజీ నంబరు లేదు. అబద్ధం పుస్తకంల లేదు, లైబ్రేరియన్ సారు చెప్పిండు." నా వైపు చూసి మరీ నవ్వారు. కాఫీ దగ్గర కళ్లు తుడుచుకున్నారు. పేజీ తిప్పారు.

నవ్వు ఆగింది. లైబ్రరీలో అందరికీ ఆ పేజీలో ఏముందో తెలుసు. ఖాజా మియా రాసింది ముందు రోజు సాయంత్రం, ఇలాంటి వార్తకు ఇబ్రహీంపట్నంలో రెండు చాయ్‌ల టైము చాలు. ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. తిరగబడే ఫ్యాన్ కూడా ఊరుకుంది. ఇరవై ఆరేళ్లలో నా బోర్డు పనిచెయ్యడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఖాజా మియా ఎవరు?"

పేపర్ మడిచి, మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. "నేనే సార్. సలామాలేకుం. మంచిగున్నవా? మస్తు లావైనవ్."

సారు రిజిస్టరు మీంచి తలెత్తి ఆయన్ను చూశారు. "ట్రాక్టర్... ఎర్రది."

"అవ్ సార్, ఎర్రదే! ఎనక ట్రాలీ లేకుండె, నిన్ను ఇంజన్ మీద మడ్‌గార్డు కాడ కూసోబెట్టిన. దిగినప్పుడు గొడుగు పట్టుకొనే పోయినవ్. మా తమ్ముడు పిలుస్తుంటె నేనే అన్న, పోనీరా, పుస్తకాలు తడుస్తయని."

"ఆ సంగతి రాయలేదు నేను."

"అవ్, రాయలే. అందుకే నేను రాసిన."

ఎవరో కిసుక్కుమన్నారు. స్వప్న అని నా అనుమానం. సారు జేబులోంచి పెన్ను తీశారు. నేను గోడౌన్ బండి గురించి ఆలోచిస్తున్నాను, అది డీజిలా, పెట్రోలా అని. ఆయన ఖాజా మియా రాసిన దాని కింద ఏదో రాసి, సంతకం పెట్టి, రిజిస్టరు మూసి లేచారు.

"బీరువా ఉండని. టేబులు అడ్డం తిప్పి ఏద్దాం, ఇటు నలుగురు కూసుంటరు. జాగ కావాలంటే నా పుస్తకాలు తొమ్మిది వాపస్ పంపు."

"మీరు పంపింది పది సార్" అన్నాను. ఈ నోరు నాకు ఏ ప్రమోషనూ రానివ్వలేదు.

"ఒకటి ఉంచుండ్రి సార్" అన్నాడు ఖాజా మియా. "దాంట్ల నా ట్రాక్టర్ లేకున్నా, నాకు తోవ మొత్తం కనవడతది."

సారు వెళ్లాక అందరం రిజిస్టరు మీద పడ్డాం. కింద రెండే ముక్కలు: "నిజమే. గొడుగు నేను తిరిగి ఇవ్వలేదు."

మార్చి నెల ఆఖరి రోజున జిల్లా ఆఫీసు నుంచి బండి రాలేదు. కొత్త గొడుగు ఒకటి వచ్చింది, ఖాజా మియా పేరు మీద. మిగిలిన ఆ ఒక్క కాపీలో అరవై ఒకటో పేజీ పక్కన సారు తర్వాత ఎప్పుడో వచ్చి చేత్తో ట్రాక్టర్ సంగతి రాసి వెళ్లారు. పద్దెనిమిది శాలువాలున్నా మా లైబ్రరీలో జనం వరసలో ఉండి మరీ తీసుకెళ్లిన పుస్తకం అదే. నా శాలువా సూత్రానికి అదొక్కటే మినహాయింపు. కాబట్టి ఫొటోలు చూశాక ఒకసారి అంచులు కూడా చూడండి. ఎవరైనా పెన్నుతో ఏమైనా ఒప్పుకుని ఉంటే ముందు ఆ పుస్తకమే ఇవ్వండి.

చివరి మాట నాది కాదు

ఇది రాసి, పంపేముందు లైబ్రరీకి తీసుకెళ్లి యాదమ్మకు చూపించాను. ఆమె చీపురు గోడకు ఆనించి, కిటికీ దగ్గర నిలబడి మొత్తం చదివింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది, ఒకసారి నా వైపు అదోలా చూసింది. తర్వాత ఏమీ అనకుండా రిజిస్టరు తెరిచి రాసింది:

"నర్సింహ లొల్లి కాడ. రిజిస్టరు పెట్టాలన్న ఆలోచన సారుకు వచ్చిందని రాసిండు. గా దినం సారు లైబ్రరీల లేడు, చాయ్ తాగనీకి పోయిండు. నర్సింహకు పెన్నిచ్చి రాయుమన్నది నేను. గా ముచ్చట మొత్తం నేను చెప్తెనే సారు ఇన్నడు. తక్కింది మంచిగున్నది. యాదమ్మ."

పైన ఆ మాటను దిద్దలేదు. అబద్ధం అక్కడే ఉంది, వెళ్లి చూసుకోవచ్చు. ఆమె రాసిన దాని కింద "నిజమే" అని రాసి సంతకం పెట్టాను. పెన్ను కూడా ఆమెదే.